అక్టోబర్ చివర్లో చికాగో దగ్గర మిషిగన్ సరస్సు: 27 అడుగుల పడవకి ఎంత గాలి ఎక్కువ?

చుక్కాని27

అందరికీ నమస్తే. తెరచాప పడవ, 27 అడుగులది. ఫిన్ కీల్ (అడుగున రెక్కలాంటి బరువు), మాస్ట్‌హెడ్ రిగ్ (ముందు తెరచాప మాస్ట్ కొస దాకా వెళ్ళేది), 135 జెనోవా (ముందరి పెద్ద తెరచాప, అంకె దాని సైజు) ఫర్లర్ (తెరచాపని చుట్టే డ్రమ్ము) మీద, వెనక 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్. బర్న్‌హామ్ హార్బర్‌లో ఉంది. అక్టోబర్ 31తో హార్బర్ సీజన్ అయిపోతుంది. నవంబర్ మొదటి వారంలో వంతెనలు లేపే రోజు చూసుకుని నదిలోంచి యార్డుకి తీసుకెళ్ళాలి. అప్పటిదాకా మూడు వీకెండ్లు ఉన్నాయి, వాటిని వదులుకోవాలని లేదు.

ఫోర్‌కాస్ట్‌లో గాలి 15 నుంచి 20 నాట్లు (గంటకి నాటికల్ మైళ్ళు), పగటి వేడి 48 ఫారన్‌హీట్ (9 సెల్సియస్), నీళ్ళు 55 దగ్గర చూపిస్తోంది. జూలైలో 15 నాట్లకి ఫుల్ మెయిన్‌తో (మాస్ట్ వెనక తెరచాప) ఈ పడవ హాయిగా పోతుంది. "అక్టోబర్ పదిహేను వేరు, జూలై పదిహేను వేరు" అని డాక్ మీద అందరూ అంటారు గానీ, ఎందుకో ఎవరూ చెప్పరు. అది నిజమేనా, వినికిడేనా?

ఇంకో మూడు సందేహాలు. రీఫింగ్ (తెరచాప కొంత దించి చిన్నది చేయడం) మోకులన్నీ మాస్ట్ దగ్గరే ఉన్నాయి, నడిపేవాళ్ళు కూర్చునే కాక్‌పిట్‌లోకి రావు. ఎక్కేది ఇద్దరమే. రీఫ్ ఎప్పుడు, ఏ వరసలో వేయాలి? ఇంట్లో ఉన్న స్కీ జాకెట్లు, స్కీ గ్లోవ్స్ సరిపోతాయా? ఇద్దరిలో ఒకరు నీళ్ళలో పడితే మిగిలిన ఒక్కరు ఏం చేయాలి?

ఉత్తరగాలి

నిజమే. కాకపోతే డాక్ మీద చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు.

"చల్లగాలి బరువెక్కువ" అంటారు. అబద్ధం కాదు. 30 డిగ్రీల సెల్సియస్‌లో క్యూబిక్ మీటరు గాలి 1.16 కిలోలుంటే, 9 డిగ్రీల దగ్గర 1.25 ఉంటుంది. తోపు ఏడెనిమిది శాతం పెరిగిందన్నమాట. 15 నాట్ల గాలి 15న్నర అయినట్టు, అంతే. దానికోసం రీఫ్ వేయక్కర్లేదు.

అసలు తేడా నీళ్ళకీ గాలికీ మధ్య వేడిలో ఉంది. మే నెలలో నీళ్ళు చల్లగా, గాలి వెచ్చగా ఉంటాయి. నీటిని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే పరుచుకుంటుంది, పై గాలి దాని మీంచి జారిపోతుంది. మాస్ట్ కొసన 15 చూపిస్తున్నా బూమ్ (మెయిన్ కింది అడ్డకర్ర) దగ్గర పది కూడా ఉండదు. అక్టోబర్‌లో ఇది తల్లకిందులు. నీళ్ళు 55, ఉత్తరం నుంచి దిగే గాలి 40-45. కింది గాలి వేడెక్కి లేస్తుంది, పైన వేగంగా పోయే గాలి దాని చోట్లోకి ముద్దలు ముద్దలుగా పడుతుంది. అవే గస్ట్‌లు. 15 అని రాసి ఉన్న రోజు 25 గస్ట్ రావడం ఈ నెలలో మామూలు విషయం. తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 15 నుంచి 25కి వెళితే దాదాపు 2.8 రెట్లు. అందుకే ఈ నెలలో తెరచాపని సగటు గాలికి కాదు, గస్ట్‌కి సరిపెట్టుకోవాలి. ఫోర్‌కాస్ట్‌లో మొదటి అంకె వదిలేసి "గస్ట్స్ టు" తర్వాతి అంకె చదవండి.

దిశ ఇంకా ముఖ్యం. పడమటి గాలి ఊరి మీంచి వస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు పళ్ళెంలా ఉంటాయి, భవనాల సందుల్లోంచి గాలి విడతలు విడతలుగా పడుతుంది. మోసం ఎక్కడంటే, వాలుగాలికి మైలుకి పది, పదిహేను నిమిషాల చొప్పున తూర్పుకి రెండు మైళ్ళు ఇట్టే వెళ్ళిపోతారు. వెనక్కి మాత్రం ఎదురుగాలిలో, అక్కడికి పెరిగిన అలల మీద, తడిసి వణుకుతూ గంటకి పైగా కొట్టుకుంటూ రావాలి. పడమటి గాలిలో ఒడ్డుకి మైలు లోపే, ఒడ్డుకి సమాంతరంగా తిరగండి.

ఉత్తరం, ఈశాన్యం వీస్తే లెక్క మారిపోతుంది. సరస్సు పొడవు 300 మైళ్ళ పైన, చికాగో దాని దక్షిణపు కొసన ఉంది. ఆ పొడవంతా అలలు పెంచుకుంటూ వస్తుంది గాలి. రాత్రంతా 20 నాట్లు వీచిందంటే పొద్దుటికి ఐదు నుంచి ఏడడుగులు, సముద్రంలోలా సాగినవి కాదు, పొట్టిగా నిటారుగా ఉండేవి. పైగా ఫోర్‌కాస్ట్‌లో రాసే ఎత్తు మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు మాత్రమే, అప్పుడప్పుడు దానికి రెట్టింపుది ఒకటి వస్తుంది. ఒడ్డున కాంక్రీటు గోడకి తగిలి తిరిగొచ్చే అల, వచ్చే అలతో కలిసి గోడ పక్కన నీళ్ళు కుండలో మరిగినట్టు ఎగురుతాయి. ఆ గోడకి పావు మైలైనా ఎడంగా ఉండండి.

నేషనల్ వెదర్ సర్వీస్ నియర్‌షోర్ ఫోర్‌కాస్ట్ ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్ళ వరకే, మీకు కావలసింది అదే. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకి హెచ్చరిక) ఇక్కడ 22 నాట్ల నుంచి, లేదా నాలుగడుగుల అల నుంచి మొదలు. ఇద్దరే ఉండి ఈ చలికి కొత్తయితే అది ఉన్న రోజు వెళ్ళకండి. లేని రోజు పడమటి గాలి గస్ట్ 20 వరకు సరే. ఉత్తరం అయితే 15 దగ్గరే ఆపేస్తా నేనైతే.

ఒక సంగతి మర్చిపోకండి. పొద్దున నైరుతి గాలి, 62 ఫారన్‌హీట్, ఎండ, మధ్యాహ్నం కోల్డ్ ఫ్రంట్ అని రాసి ఉంటే ఆ రోజంత ప్రమాదం ఇంకోటి లేదు. ఫ్రంట్ దాటగానే గాలి వాయవ్యానికి తిరుగుతుంది, పది నిమిషాల్లో రెట్టింపవుతుంది, గంటలో 15 డిగ్రీల ఫారన్‌హీట్ పడిపోవచ్చు. పడమట మబ్బు గట్టుకట్టినట్టు నల్లగా కనబడిందంటే అప్పటికే ఆలస్యం.

మోకుముడి

రీఫ్ సంగతి. మాస్ట్ దగ్గర మోకులుంటే ఒకటే పద్ధతి: డాక్ దగ్గరే మొదటి రీఫ్ వేసి బయల్దేరండి. విప్పడం రెండు నిమిషాల పని. చలికి బిగుసుకున్న వేళ్ళతో ఊగే డెక్ మీద వేయడం పది నిమిషాల పని.

బయట వేయాల్సి వస్తే వరస ఇదీ. హెల్మ్ (చుక్కాని) దగ్గరున్నవాళ్ళు పడవని క్లోజ్ రీచ్‌లో (ఎదురుగాలికి కొంచెం పక్కగా), జిబ్ (ముందు తెరచాప) మీదే మెల్లగా నడిపించాలి. మాస్ట్ దగ్గరకెళ్ళేవాళ్ళు ముందు టాపింగ్ లిఫ్ట్ (బూమ్ వెనక కొసని పైనుంచి పట్టే మోకు) బిగించాలి. ఇది మర్చిపోతే హాలియార్డ్ (తెరచాపని పైకెత్తే మోకు) వదలగానే బూమ్ వచ్చి హెల్మ్ నెత్తిన పడుతుంది. తర్వాత మెయిన్‌షీట్ (బూమ్‌ని లోపలికి లాగే మోకు), వ్యాంగ్ (బూమ్‌ని కిందికి పట్టేది) రెండూ పూర్తిగా వదలాలి. వ్యాంగ్ వదలకపోతే బూమ్ పైకి లేవదు, క్లూ (తెరచాప వెనక మూల) దానికి చేరదు, ఎంత లాగినా రాదు. రీఫ్ సరిగ్గా పడకపోవడానికి నూటికి తొంభై సార్లు ఇదే కారణం. ఇప్పుడు హాలియార్డ్‌ని గుర్తు దాకా దించండి. గుర్తు ముందే వేసుకోవాలి: డాక్ దగ్గర రీఫ్ వేసి, హాలియార్డ్ క్లీట్ దగ్గర పర్మనెంట్ మార్కర్‌తో అంగుళం పట్టీ గీయండి. టాక్ (తెరచాప ముందు మూల) రింగ్‌ని బూమ్ మెడ దగ్గర కొక్కేనికి తగిలించి, హాలియార్డ్ మళ్ళీ బిగించండి. లఫ్ (తెరచాప ముందు అంచు) వెంట నిలువు మడత ఒకటి కనబడేదాకా బిగించాలి, అది గాలి నిండాక పోతుంది. తర్వాతే క్లూ రీఫ్ మోకు, అదీ క్లూ బూమ్‌ని ముద్దు పెట్టుకునేదాకా. క్లూ నాలుగంగుళాలు పైనే ఉండిపోతే తెరచాప సంచిలా ఉబ్బుతుంది. రీఫ్ వేసీ వేయనట్టే, పడవ ఇంకా ఒరుగుతుంది. చివర్లో టాపింగ్ లిఫ్ట్ వదిలి, వ్యాంగ్, షీట్.

మధ్యలో వేలాడే చిన్న తాళ్ళున్నాయే, అవి మిగిలిన గుడ్డని సర్దడానికే. వాటి మీద బరువు పడితే ఆ కంతల దగ్గర చిరుగుతుంది. వదులుగా కట్టండి. రీఫ్ విప్పేటప్పుడు మొదట విప్పేవీ అవే. అది మరిచి క్లూ వదిలారంటే సెయిల్‌మేకర్‌కి పని దొరికినట్టే.

ఫర్లర్‌కి కూడా ఒక మాట. 135ని 100 దాకా చుట్టుకోవచ్చు, అంతకంటే చుడితే మధ్యలో ఉబ్బి ఎదురుగాలికి పనికిరాదు. చుట్టినప్పుడు షీట్ కారుని (జెనోవా మోకు వెళ్ళే, జరిపే కప్పీ) ముందుకి జరపాలి, లేకపోతే పై భాగం తెరుచుకుని కొట్టుకుంటుంది. ఫర్లింగ్ మోకు డ్రమ్ము మీద ఒకదాని మీదొకటి ఎక్కి ఇరుక్కోవడం ఈ నెలలో తరచూ జరుగుతుంది. కారణం, జెనోవా తెరిచేటప్పుడు గాలి లాగేస్తుంటే మోకుని వట్టినే వదిలేయడం. వించ్ (మోకు చుట్టి లాగే గిలక) మీద ఒక చుట్టు వేసి కొంచెం కొంచెంగా వదిలితే డ్రమ్ము మీద బిగువుగా పడుతుంది. తెరచాప పూర్తిగా చుట్టాక షీట్లు దాని మీద ఇంకో రెండు మూడు చుట్లు రావాలి. రాకపోతే డ్రమ్ము మీద మోకు చుట్లు చాలడం లేదని అర్థం. అవి రాకుండా నవంబర్ గాలిలో డాక్ దగ్గర వదిలేస్తే ఒక రాత్రిలో పీలికలవుతుంది.

వాలుగాలి

మోకుముడి గారు మెయిన్ రీఫ్‌తో మొదలుపెట్టారు. ఒక చిన్న అభ్యంతరం. మాస్ట్‌హెడ్ రిగ్‌లో బలమంతా జెనోవాదే. మెయిన్ తగ్గించి 135 పూర్తిగా ఉంచితే పడవ ఒరుగుతూనే ఉంటుంది, గస్ట్‌లో ముక్కు వాలుకి తిరిగిపోతుంది. ముందు జెనోవాని 110 దాకా చుట్టి, తర్వాత మెయిన్ రీఫ్ వేస్తే బ్యాలెన్స్ బాగుంటుంది. ఫ్రాక్షనల్ రిగ్ (ముందు తెరచాప మాస్ట్ కొస దాకా వెళ్ళనిది) అయితే మెయిన్ నుంచి మొదలుపెట్టడం సరైనదే.

ఏది ముందు తగ్గించాలో టిల్లరే (చుక్కాని పిడి) చెప్తుంది. రెండు వేళ్ళతో పట్టుకోగలగాలి. రెండు చేతులతో పొట్టకేసి లాక్కోవాల్సి వస్తే మెయిన్ ఎక్కువ. ఎదురుగాలిలో టిల్లర్ బొత్తిగా బరువు లేకుండా తేలిపోతుంటే ముందు తెరచాప ఎక్కువ. ఒరుగుడు 20 డిగ్రీలు దాటితే వేగం పెరగదు, పక్కకి జారడం పెరుగుతుంది.

మోకుముడి

ఒప్పుకుంటా. డాక్ దగ్గర వేసుకోమన్నది మెయిన్, ఎందుకంటే ఫర్లర్ కాక్‌పిట్‌లోంచే చుట్టుకోవచ్చు, మెయిన్‌కి మాస్ట్ దాకా వెళ్ళాలి. ఇద్దరే ఉన్నప్పుడు మాస్ట్ దగ్గరకి వెళ్ళే పని ఎంత తగ్గితే అంత మంచిది.

మంకీక్యాప్

బట్టల సంగతి నాకొదిలేయండి. ముందు నీళ్ళ లెక్క. 55 ఫారన్‌హీట్ అంటే 13 సెల్సియస్. వినడానికి ఏమంత చలి కాదనిపిస్తుంది. పడినవాళ్ళలో చాలామంది చలికి గడ్డకట్టి పోరు, మొదటి నిమిషంలోనే ఉక్కిరిబిక్కిరై నీళ్ళు మింగి పోతారు. దీన్ని ఒకటి-పది-ఒకటి అని గుర్తుపెట్టుకుంటారు: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు చెప్పినమాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు గంట. ఆ మొదటి నిమిషం ఈత ప్రయత్నించకూడదు, జాకెట్ మీద తేలుతూ ఊపిరి పట్టు దొరికేదాకా ఆగాలి. పది నిమిషాల తర్వాత చేతికి తాడిచ్చినా పట్టుకోలేరు. లైఫ్‌జాకెట్ లేకపోతే ఆ గంట మనకి దొరకదు.

స్కీ జాకెట్ పొడి మంచుకి కుట్టింది. అరగంట జల్లు పడితే కుట్లలోంచి దిగి లోపలి దూది నీళ్ళు పీలుస్తుంది, మణికట్టు దగ్గర బిగువుండదు కాబట్టి షీట్ లాగినప్పుడల్లా చన్నీళ్ళు మోచేతి దాకా కారతాయి. డౌన్ జాకెట్ అయితే తడిశాక వట్టి సంచి. ఒంటికి ఆనేది పాలియెస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ ఉండాలి, కాటన్ బనియన్ అస్సలు వద్దు. దాని మీద ఫ్లీస్, ఫ్లీస్ మీద ఛాతీ దాకా వచ్చే బిబ్ ప్యాంటు, వాటర్‌ప్రూఫ్ జాకెట్. డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే బిబ్ మీద పెట్టండి. కూర్చునే చోట ఎప్పుడూ తడే, నడుం తడిస్తే మనిషి పని అయిపోయినట్టే.

గ్లోవ్స్‌కి స్కీవి పనికిరావు, మోకు పట్టు తెలియదు. వేళ్ళు కోసిన సెయిలింగ్ గ్లోవ్స్ వేసవికి. చేపలవాళ్ళు వాడే, లోపల మెత్తటి పొరున్న రబ్బరు గ్లోవ్స్ చవక, పని చేస్తాయి. తలా రెండు జతలు, రెండోది జిప్ కవర్లో పొడిగా. బూట్లలో లావు ఉన్ని సాక్సు వేశాక వేళ్ళు కదిలేంత ఖాళీ ఉండాలి, బిగుతైతే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. తలకి మన మంకీ క్యాప్‌ని మించింది లేదు, నవ్వుకుంటే నవ్వుకోండి. జాకెట్ హుడ్ వేసుకుంటే పక్క చూపు పోతుంది, గస్ట్ వచ్చే చప్పుడు వినబడదు.

థర్మాస్‌లో టీ కంటే మిరియాల చారు మేలు, వేడి, ఉప్పు రెండూ దక్కుతాయి. మందు మాత్రం ఒడ్డుకొచ్చాకే. మత్తులో చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా ఉన్నట్టనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంటుంది.

గాలితో నిండే లైఫ్‌జాకెట్ అయితే బయల్దేరేముందు సిలిండర్ చేత్తో బిగించి చూడండి, ఊపుకి మరలు వదులవుతాయి. 150 న్యూటన్ జాకెట్‌కి సాధారణంగా 33 గ్రాముల సిలిండర్, ఇండికేటర్ పచ్చగా ఉండాలి, గడువు తేదీ చూడాలి. తొడల పట్టీ లేకపోతే నీళ్ళలో జాకెట్ తల మీదకి ఎగదన్నుతుంది. దాన్ని వర్షపు జాకెట్ లోపల ఎప్పుడూ వేసుకోకండి, నిండినప్పుడు గుండెని నొక్కేస్తుంది. పదహారేళ్ళ లోపు పిల్లలకి గాలి జాకెట్లు వద్దు, వాళ్ళకి ఫోమ్‌వే.

హుస్సేన్‌సాగర్_డింగీ

చికాగో గురించి తెలిసినవాళ్ళు చెప్తున్నారు కాబట్టి డింగీ వైపు నుంచి ఒక్క ముక్క. హైదరాబాద్‌లో జూలై గాలుల్లో లేజర్ (ఒక్కరు నడిపే చిన్న డింగీ పడవ) మీద నేర్చుకుని అమెరికా వెళ్ళినవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది: గస్ట్ వస్తే రీఫ్ ఆలోచనే రాదు, ఒంటిని బయటికి వాల్చి పట్టేయడం, బోల్తా పడితే అడుగు పలక (డాగర్‌బోర్డ్) ఎక్కి లేపేయడం. ఆ నీళ్ళు గోరువెచ్చన, బోల్తా అంటే ఆటలో భాగం. అక్కడ అది కుదరదు. రెండున్నర, మూడు టన్నుల కీల్‌బోట్‌ని ఒంటి బరువుతో ఆపలేరు. షీట్ వదలడమే మొదటి బ్రేకు: గస్ట్ తగిలే ముందు, నీటి మీద నల్ల మచ్చ దగ్గరకొస్తుండగానే మెయిన్‌షీట్ ఒక అడుగు వదలాలి. షీట్‌ని క్లీట్‌లో వేసి చేతులు జేబులో పెట్టుకోవడం చలికాలపు అలవాటు, అక్కడే దెబ్బతింటారు.

చుక్కాని27

చాలా థాంక్స్. స్కీ జాకెట్లు ఇంట్లోనే. నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, మనిషి నీళ్ళలో పడితే సంగతి. మా ఆవిడ 55 కిలోలు, నేను 82. తను నన్ను పైకి ఎలా తీస్తుంది? ఇంకోటి, అల పెద్దదైనప్పుడు అవుట్‌బోర్డ్ ప్రొపెల్లర్ గాలిలోకి లేచి అరుస్తోంది. దానికేమైనా ఉందా?

కప్పీ

చేతులతో లాగి తీయడం జరగని పని. తడి బట్టలతో 82 కిలోల మనిషిని మూడడుగుల ఎత్తుకి ఇద్దరు మగాళ్ళు కూడా తీయలేరు. అందుకే ముందు పడకుండా చూసుకోవాలి. కాక్‌పిట్ నుంచి ముక్కు దాకా, డెక్‌కి వీలైనంత మధ్యగా టెథర్ (ఒంటికి కట్టుకునే తాడు) తగిలించడానికి జాక్‌లైన్ పట్టీ కట్టండి. గుండ్రటి తాడు కాదు, కాలికింద దొర్లుతుంది. మీ పడవ వెడల్పు తొమ్మిదడుగులు అనుకుంటే మధ్య నుంచి అంచు నాలుగున్నర. మూడడుగుల టెథర్ మిమ్మల్ని డెక్ మీదే ఆపుతుంది. ఆరడుగులదైతే అంచు దాటి నీళ్ళలో వేలాడదీస్తుంది, ఐదు నాట్ల వేగంతో నీళ్ళలో ఈడ్చుకుపోయేవాళ్ళు లైఫ్‌జాకెట్ ఉన్నా మునుగుతారు.

పడ్డాక మొదటి పని పడవని ఆపడం. హెల్మ్ దగ్గరున్నవాళ్ళు వెంటనే టాక్ చేయాలి (ముక్కుని గాలి మీదుగా అవతలి వైపుకి తిప్పాలి), జిబ్ షీట్ వదలకూడదు. జిబ్ అవతలి వైపు నుంచి గాలి పట్టి వెనక్కి తోస్తుంది, టిల్లర్ వాలు వైపుకి నెట్టి కట్టేస్తే పడవ దాదాపు నిలబడి నెమ్మదిగా జారుతుంది. దీన్నే హీవ్-టు అంటారు. పడ్డ మనిషికి యాభై, నూరు అడుగుల దూరంలో ఆగుతారు. తేలే కుషన్ విసరండి, రేడియోలో ఆపద సంకేతం పంపే డీఎస్‌సీ ఎర్ర బటన్ నొక్కి పట్టండి, 16వ ఛానల్‌లో మేడే చెప్పండి. ఈ మూడూ హెల్మ్ వదలకుండా చేయగలిగేలా సర్దుకోవాలి. ఈ నెలలో చుట్టుపక్కల పడవలు లేవు, కేక వేస్తే వచ్చేవాళ్ళు లేరు. ఫోన్ని నమ్మకండి, చలికి బ్యాటరీ పడిపోతుంది, తడి వేలికి స్క్రీన్ పలకదు.

దగ్గరకి చేరడానికి లైఫ్‌స్లింగ్ లాంటి తేలే పట్టీ, వెనక పొడుగు తాడుతో ఉన్నది మంచిది. మనిషి చుట్టూ గుండ్రంగా తిరిగితే తాడు తనే వాళ్ళని చేరుతుంది. ఇంజన్ వేసే ముందు నీళ్ళలో షీట్లు వేలాడుతున్నాయేమో చూడాలి. ఆ తొందరలో అవి ప్రొపెల్లర్‌కి చుట్టుకోవడమే ఎక్కువ. మనిషి పక్కకొచ్చాక న్యూట్రల్ చాలదు, ఇంజన్ ఆపేయండి.

ఎత్తడానికి నాలుగు పాయల కప్పీ జత కొనిపెట్టుకోండి. పై కప్పీని ఖాళీ హాలియార్డ్‌కి తగిలించి డెక్ మీద ఎనిమిదడుగుల ఎత్తుకి లాగి కట్టాలి. అక్కడి నుంచి నీళ్ళకి 11 అడుగులు, నాలుగు పాయలకి 44, కాక్‌పిట్ వించ్ దాకా ఇంకో 15. అంటే 60 అడుగుల మోకుకి తగ్గకూడదు. చాలామంది 30 అడుగులతో వచ్చే రెడీమేడ్ సెట్ కొని, కింది కప్పీ నీళ్ళకి అందక తలపట్టుకుంటారు. కింది కొక్కెం లైఫ్‌జాకెట్ ఎత్తే లూపుకి. 82 కిలోలు నాలుగు పాయల్లో 20, రాపిడి కలిపి పాతిక ముప్ఫై, అది వించ్ మీద 55 కిలోల మనిషికి సులువే. ఎత్తేది పడవ నడుం దగ్గర, వెనక కాదు. అలకి వెనక భాగం లేచి పడేటప్పుడు దాని కింద ఉన్న తల పగులుతుంది. హార్బర్ లోపల ప్రశాంతమైన రోజున ఒకసారి నీళ్ళడబ్బాలు కట్టి ఎత్తి చూడండి, ఏ మోకు ఎక్కడ తగులుతుందో అప్పుడే తెలుస్తుంది.

హీవ్-టులో ఒక హెచ్చరిక. పడవ ఆగినట్టే ఉంటుంది గానీ ఒకటిన్నర నాట్లతో జారుతుంటుంది. ఇరవై నిమిషాలకి అర మైలు. ఈశాన్య గాలిలో ఆ అర మైలు తీసుకెళ్ళేది కాంక్రీటు గోడ మీదకే.

ఉత్తరగాలి

అవుట్‌బోర్డ్ అరవడానికి కారణం మీరు ముందు కూర్చోవడం కావచ్చు. ఇద్దరూ కాక్‌పిట్ వెనకంచుకి జరిగి, బ్రాకెట్ అడుగు గాడికి దించి, రీఫ్ వేసిన మెయిన్ కూడా ఉంచి, అలకి 30-40 డిగ్రీలు కోణంగా వెళ్ళండి. మెయిన్ ఒక వైపు ఒత్తి పట్టుకుంటే పడవ ఊగడం తగ్గుతుంది. ప్రొపెల్లర్ పైకి లేచినప్పుడల్లా థ్రాటిల్ తగ్గించాలి, లేదంటే పంపులోకి నీళ్ళకి బదులు గాలి వెళ్ళి ఇంజన్ వేడెక్కుతుంది. షాఫ్ట్ 25 అంగుళాలది కాకపోతే వచ్చే ఏడాది మార్చడం మేలు. చలికి ప్రైమర్ బల్బ్ (పెట్రోలు పంపే రబ్బరు బుడ్డి) రాయిలా అవుతుంది, గట్టిపడింది కదా నిండిందనుకోకండి. కిల్ స్విచ్ (నడిపేవాళ్ళు పడితే ఇంజన్ ఆపేది) క్లిప్ అదనంగా ఒకటి ఉంచండి, పడ్డవాళ్ళతో పాటే అది కూడా పోతుంది.

ఇంజన్ ఆగితే మిగిలేది లంగరు. 25 అడుగుల లోతు, ముక్కు ఎత్తు నాలుగు, ఏడు రెట్లంటే 200 అడుగుల మోకు వదలాలి. లాకర్లో అన్నింటికిందా కాదు, పైన ఉండాలి.

యార్డుకి వెళ్ళే రోజున జనం చేసే పొరపాటు: మాస్ట్ దించే పని సులువవుతుందని హార్బర్‌లోనే తెరచాపలు విప్పేయడం. బర్న్‌హామ్ దక్షిణపు మూతిలోంచి బయటికొచ్చి నార్తర్లీ ఐలాండ్ చుట్టి లాక్ (సరస్సుకీ నదికీ మధ్య నీటి తలుపుల గది) దాకా వెళ్ళేది బయటి నీళ్ళలోనే. అక్కడ ఇంజన్ ఆగితే మెయిన్ లేని పడవ ఎటు పోతుందో గాలి ఇష్టం. లాక్ లోపలికి వెళ్ళేదాకా మెయిన్ బూమ్ మీదే, రెండు పట్టీలతో, హాలియార్డ్ తగిలించి ఉంచండి. లాక్‌లో రెండు వైపులా ఫెండర్లు (గోడకి రాసుకోకుండా వేలాడదీసే బుడ్డీలు), ముందూ వెనకా మోకులు సిద్ధంగా ఉంచండి. నీళ్ళు దిగుతుంటే వాటిని వదులుతూ ఉండాలి, కట్టేయకూడదు. నదిలోకి వెళ్ళాక వంతెన లేచేదాకా గుంపుగా ఆగాలి, భవనాల మధ్య గాలి ఒక్కసారిగా పక్క నుంచి కొడుతుంది. ముందున్న పడవకి మూడు పడవల దూరం ఉంచుకుంటే తిరగడానికి చోటుంటుంది.

ఇంకా ఒకటి: నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక పొద్దు 4:40 ప్రాంతంలోనే గుంకుతుంది. ఆ వారం ఏ పని పెట్టుకున్నా మధ్యాహ్నం మూడు లోపు ముగించేలా చూసుకోండి. నావిగేషన్ లైట్లు ముందు రోజే వెలిగించి చూడండి.

చుక్కాని27

ఈ శనివారం గాలి పడమర 12, గస్ట్ 20, అడ్వైజరీ లేదు. డాక్ దగ్గరే మొదటి రీఫ్, జెనోవా 110, ఒడ్డుకి మైలు లోపు, రెండు గంటలు. కప్పీ జతకి 65 అడుగుల మోకు ఆర్డర్ పెట్టాను. ఒక్కటే మిగిలింది: రాత్రి 30 ఫారన్‌హీట్‌కి పడితే అవుట్‌బోర్డ్‌ని పైకి వంచి ఉంచాలా, దించాలా?

మోకుముడి

దించి, నిటారుగా. నిటారుగా ఉంటే లోపలి నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. ఒక్క నిబంధన, ప్రొపెల్లర్ చుట్టూ సరస్సు నీళ్ళు గడ్డకట్టేంత చలి రాకముందు పడవ యార్డులో ఉండాలి. పైకి వంచితే కింది భాగంలో నీళ్ళు నిలిచి గడ్డకట్టి కేసింగ్ పగలొచ్చు. యార్డుకి చేరగానే గేర్ ఆయిల్ మర కొంచెం వదిలి చూడండి, పాలలా తెల్లగా వచ్చిందంటే సీల్ పోయి నీళ్ళు దిగాయి, ఆ వారమే మార్చేయాలి. తాగే నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాక అందులో గులాబీ రంగు ప్రొపిలిన్ గ్లైకాల్ పోసి, కొళాయిలోంచి గులాబీ రంగు వచ్చేదాకా పంపు కొట్టండి. కారులో పోసే ఆకుపచ్చది విషం, దాన్ని పడవ దరిదాపులకి రానివ్వకండి.